గుర్రం లేని కౌబాయ్ సినిమా

ఆమధ్య మా ఆఫీసులో ఓ శుక్రవారం సాయంత్రం క్విజ్ పెట్టారు. రిలీజులేవీ లేని వారాల్లో మా హెచ్.ఆర్. వాళ్ళకి ఇలాంటి సరదాలు పుడుతుంటాయి. తెలుగు సినిమాల రౌండులో ఓ ప్రశ్న: "తెలుగులో మొట్టమొదటి కౌబాయ్ సినిమా ఏది?" హాల్లో సగంమంది ఒక్కసారే "మోసగాళ్ళకు మోసగాడు" అని అరిచారు. కాగితం మీద జవాబు కూడా అదే. 1971లో వచ్చింది, కృష్ణ హీరో, కె.ఎస్.ఆర్. దాస్ డైరెక్టరు. 2023లో కృష్ణ పుట్టినరోజుకి 4కేలో మళ్ళీ రిలీజు కూడా చేశారు కాబట్టి, అప్పటికి పుట్టని పిల్లలకి కూడా ఆ పేరు తెలుసు.

నేను మాత్రం చెయ్యెత్తి "సాక్షి, 1967" అన్నాను.

క్విజ్ నడుపుతున్నవాడు మా భీమవరం కుర్రాడే. "అదేంటన్నా, అందులో గుర్రం ఎక్కడుంది? గోదారి గట్టు మీద గేదెలు తప్ప!" అన్నాడు. అందరూ ఘొల్లుమన్నారు. మా టీముకి మార్కులు పడలేదు. ఆ పది మార్కుల కోసమే ఇదంతా రాస్తున్నానని మీరనుకున్నా నాకేం అభ్యంతరం లేదు. కానీ ఇంటికెళ్ళే దారిలో ఆలోచిస్తే, నేను చెప్పింది తప్పు కాదనే అనిపించింది. పైగా ఆ సినిమాకి, నాకూ ఓ పాత బాకీ ఉంది. అది చివర్లో చెప్తాను.

ముందు అసలు కౌబాయ్ సినిమా అంటే ఏవిటో చూద్దాం. టోపీ, గుర్రం, నడుముకి తుపాకీ, వెనకాల ఈల పాట. ఇవన్నీ పైపై సరంజామా. మన భాషలో చెప్పాలంటే యూజర్ ఇంటర్‌ఫేస్. లోపలి లాజిక్ వేరు. ఒక ఊరుంటుంది. చట్టం ఆ ఊరికి చాలా దూరంలో ఉంటుంది. బలం ఉన్నవాడొకడు వస్తాడు. ఊళ్ళో వాళ్ళకి భయం. ఎవడో ఒకడు ఒంటరిగా నిలబడాలి. ఈ నాలుగూ ఉంటే అది వెస్టర్నే. అది అరిజోనాలో జరిగితేనేం, ఆత్రేయపురం దగ్గర జరిగితేనేం?

ఇక సాక్షి కథ. గోదావరి పక్కన ఓ పల్లెటూరు. అక్కడ బల్లకట్టు నడుపుకునే కుర్రాడు మన హీరో. బల్లకట్టు అంటే తెలియని హైదరాబాదు పిల్లల కోసం: రెండు పడవల మీద బల్లలు పరిచి కట్టి, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి మనుషుల్నీ, బళ్ళనీ, గొడ్లనీ దాటించేది. పెద్ద రేవుల్లో అయితే మేం పంటు అంటాం. కోటిపల్లి నుంచి ముక్తేశ్వరం వెళ్ళినవాళ్ళకి తెలుస్తుంది. సరే, ఈ కుర్రాడు ఒట్టి అమాయకుడు, పిరికివాడు. ఎవరేం చెప్పినా తలూపే రకం. ఊళ్ళో ఫకీరని ఓ లారీ డ్రైవరున్నాడు. వాడంటే ఊరందరికీ హడల్. వాడు చేసిన హత్యని ఈ కుర్రాడు కళ్ళారా చూస్తాడు. చూసింది చూసినట్టు కోర్టులో చెప్పేస్తాడు. ఫకీరుకి శిక్ష పడుతుంది. వెళ్తూ వెళ్తూ, తిరిగొచ్చి నీ ప్రాణం తీస్తానని చెప్పి మరీ వెళ్తాడు. ఊరు మాత్రం మనవాణ్ణి ఆకాశానికెత్తేస్తుంది. ధర్మాన్ని నిలబెట్టావంటుంది.

కొన్నాళ్ళకి ఫకీరు జైలు నుంచి బయటపడి వస్తున్నాడని కబురు తెలుస్తుంది. అసలు సినిమా ఇక్కడ మొదలవుతుంది. నిన్నటిదాకా శభాషన్నవాళ్ళ తలుపులు ఒక్కొక్కటీ మూసుకుపోతాయి. ఒకడికి పిల్లలున్నారు, ఒకడికి ఒంట్లో బాలేదు, ఇంకొకడికి అసలు ఈ గొడవల్లోకి నువ్వెందుకు దిగావో అర్థం కాదు. అతని పక్కన నిలబడింది ఒక్కతే: చుక్క. ఆవిడ ఎవరో కాదు, ఆ ఫకీరు సొంత చెల్లెలు. చివరికి దిక్కు తోచక, పారిపోవడానికి దారి లేక, ఆ పిరికివాడే తిరగబడతాడు. ఫకీరు పని అయిపోతుంది. ఊరు మళ్ళీ తలుపులు తీసుకుని బయటికొస్తుంది.

హాలీవుడ్ సినిమాలు చూసేవాళ్ళకి ఈపాటికి అర్థమైపోయుంటుంది. 1952లో ఫ్రెడ్ జిన్నెమన్ తీసిన 'హై నూన్' అస్థిపంజరం ఇది. అక్కడ గ్యారీ కూపర్ మార్షల్. తను జైలుకి పంపిన ఫ్రాంక్ మిల్లర్ విడుదలై మధ్యాహ్నం పన్నెండు గంటల రైలుకి దిగుతున్నాడు. మార్షల్ సాయం కోసం ఊరంతా తిరుగుతాడు, చర్చికి కూడా వెళ్తాడు. ఎవరూ రారు. ఆ సినిమా స్ఫూర్తితోనే సాక్షి తీశారన్నది దాపరికమేమీ కాదు, సినిమా తెలిసినవాళ్ళందరూ చెప్పేదే. అయితే బాపు రమణలు దాన్ని కాపీ పేస్టు చెయ్యలేదు. ఒకే ఒక్క చోట పెద్ద మార్పు చేశారు. అది చిన్న మార్పులా కనపడుతుంది కానీ సినిమా మొత్తాన్నీ తిప్పేసింది. దాని సంగతికి తరవాత వస్తాను.

ముందు ఈ సినిమా ఎలా తయారైందో చెప్పాలి. ఎందుకంటే చవగ్గా తీసిన సినిమా అన్నప్పుడు, ఆ చవక ఎక్కడ కనిపిస్తుందో, ఎక్కడ పనికొచ్చిందో చూడాలి.

ముళ్ళపూడి వెంకటరమణ గారు 1931లో ధవళేశ్వరంలో పుట్టారు. బాపు గారు 1933లో నరసాపురంలో. ఇద్దరూ గోదావరి వాళ్ళే అయినా స్నేహం కుదిరింది మద్రాసులో, స్కూలు రోజుల్లో. రమణ గారు పత్రికల్లో పనిచేసి, కథలు రాసి, తరవాత సినిమాల్లోకొచ్చారు. 'రక్తసంబంధం' (1962), 'మూగమనసులు' (1964) లాంటి పెద్ద హిట్లకి పనిచేసి అప్పటికే పేరున్న రచయిత. బాపు గారేమో మద్రాసు యూనివర్సిటీలో లా డిగ్రీ పుచ్చుకుని, నల్లకోటు వేసుకోకుండా కుంచె పట్టుకున్నారు. పత్రికల్లో బొమ్మలు, కార్టూన్లు, పుస్తకాలకి అట్టలు. లా చదివిన మనిషి డైరెక్టరుగా మొట్టమొదట తీసిన సినిమా ఒక సాక్షి గతేమవుతుందన్నదాని మీద కావడం కాకతాళీయమో ఏమో, నాకైతే సరదాగా ఉంటుంది.

నందనా ఫిల్మ్స్ పేరు మీద తీశారు. పెద్ద స్టార్లని పెట్టుకునేంత డబ్బు లేదు. రంగుల్లో తీసే స్థోమత లేదు, బ్లాక్ అండ్ వైట్. ఆ రోజుల్లో తెలుగు సినిమా అంటే మద్రాసు స్టూడియోల్లో పుట్టి పెరిగేది. పల్లెటూరు కావాలన్నా ఫ్లోరు మీద అట్టగోడలతో, గడ్డితో కట్టేవారు. వీళ్ళు ఆ ఖర్చుకి నమస్కారం పెట్టి, యూనిట్టుని తీసుకుని పులిదిండి వెళ్ళిపోయారు.

పులిదిండి ఎక్కడంటే, రాజమండ్రి నుంచి ధవళేశ్వరం వచ్చి, ఆనకట్ట మీద నుంచి అవతలికి, అంటే బొబ్బర్లంక వైపుకి దాటితే ఆత్రేయపురం మండలం. పూతరేకుల ఆత్రేయపురమే. ఆ మండలంలోది ఈ ఊరు. అప్పట్లో తూర్పుగోదావరి జిల్లా, 2022లో జిల్లాల్ని విడదీసినప్పుడు కోనసీమ జిల్లాలోకి వెళ్ళింది. రమణ గారు పుట్టిన ఊరికి ఇంచుమించు ఏటికి ఎదురొడ్డు అన్నమాట. అంచేత ఆ ఊరు ఎలా మాట్లాడుతుందో, ఎలా మాట మారుస్తుందో ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. మా అమ్మమ్మ వాళ్ళది ఆ చుట్టుపక్కల ఊరే కాబట్టి, నాకూ కొంచెం తెలుసు.

సినిమా అంతా ఆ ఊళ్ళోనే తీశారు. నిజం ఇళ్ళు, నిజం వీధులు, నిజం ఎండ. నటులకి మేకప్పులు లేవు. డబ్బుల్లేక చేసిన పనులు కొన్ని, కావాలని చేసినవి కొన్ని. రెండూ కలిసిపోయాయి. హీరో మొహం మీద చెమట నిజం చెమటలాగే ఉంటుంది. తలుపు మూసుకుపోయే సీనులో మూసుకున్నది అట్ట తలుపు కాదు, ఎవరో కాపురముంటున్న ఇంటి తలుపు. అది మనకి తెలియకుండానే తెలుస్తుంది. మామూలుగా హీరో చేతిలో తన్నులు తినే గుంపులో కనపడే జగ్గారావుకి ఇందులో ఫకీరు వేషం. పక్కన పెద్ద స్టారు లేకపోబట్టి ఆ మనిషి నడిచొస్తుంటే భయమేస్తుంది. రంగవఝల రంగారావు గారికి ఇదే మొదటి సినిమా, ఆ పేరే ఇంటిపేరైపోయి జీవితాంతం సాక్షి రంగారావుగా మిగిలారు. విజయనిర్మల, కృష్ణ కలిసి నటించడం కూడా ఇక్కడే మొదలు. గుళ్ళో పెళ్ళి సీను, దానికి ఆరుద్ర రాసిన పాట ఉన్నాయి. ఆ గుడి మహత్యం వల్లే వాళ్ళకి తరవాత నిజంగా పెళ్ళయిందని చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి, ఊళ్ళకి ఇలాంటి కబుర్లు అందం.

ఇక హీరో సంగతి. అప్పటికి కృష్ణ ఎవరు? 1965లో రాజమండ్రి మనిషి ఆదుర్తి సుబ్బారావు గారు కొత్తవాళ్ళతో తీసిన 'తేనె మనసులు' ఆయన మొదటి సినిమా. అందులో స్కూటరు మీద నుంచి కారు మీదకి దూకే సీనొకటుంది. డూపు లేకుండా తనే చేశాడని చెప్తారు. అది చూసి నిర్మాత డూండీ ఈ కుర్రాడు నాక్కావాలన్నారు. అలా 1966లో 'గూఢచారి 116' వచ్చింది. అదీ ఏమంత ఖరీదైన సినిమా కాదు. జేమ్స్ బాండ్ సినిమాల్ని మన కొలతలకి కుట్టుకున్న చొక్కా. కానీ జనం విరగబడి చూశారు. మరుసటేడు హిందీలో జితేంద్రతో 'ఫర్జ్' పేరుతో తీస్తే అక్కడా హిట్టు. తెలుగులో కెమెరా పట్టిన రవికాంత్ నగాయిచే హిందీలో డైరెక్టరైపోయారు. ఆ దెబ్బకి కృష్ణకి ఆంధ్రా జేమ్స్ బాండ్ అన్న పేరొచ్చేసింది.

ఇప్పుడు 1967లో హాలుకెళ్ళిన ప్రేక్షకుడి స్థానంలో కూర్చోండి. పోయినేడాది తుపాకీ పట్టుకుని దేశాన్ని కాపాడిన కుర్రాడు ఈ ఏడాది బల్లకట్టు మీద పంచె ఎగ్గట్టుకుని, రౌడీ పేరు వింటే వణికిపోతున్నాడు! తన్నాల్సినవాడు ఇల్లిల్లూ తిరిగి తలుపులు కొడుతున్నాడు. ఫైటు ఎప్పుడొస్తుందా అని చూస్తే అది సినిమా ఆఖర్న గానీ రాదు. అదీ హీరోయిజం కాదు, మూలకి నెట్టిన పిల్లి తిరగబడ్డట్టు ఉంటుంది.

మరి ఎలా ఆడింది? గౌరవంగా ఆడింది. విమర్శకులు మెచ్చుకున్నారు. బాపు అనే కొత్త డైరెక్టరు వచ్చాడని అందరికీ తెలిసింది. 1968లో తాష్కెంటు ఫిల్మ్ ఫెస్టివల్లో చూపించారు. పులిదిండిలో తీసిన సినిమా తాష్కెంటు దాకా వెళ్ళడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. కానీ గూఢచారికి వచ్చినట్టు ఈలలు రాలేదు, ఆ మూసలో ఇంకో సినిమా తీద్దామని ఎవరికీ పుట్టలేదు. గూఢచారి దారిలో మాత్రం 'జేమ్స్ బాండ్ 777', 'ఏజెంట్ గోపి', చివరికి 1989లో 'గూఢచారి 117' దాకా వస్తూనే ఉన్నాయి. 1971లో కృష్ణ సొంత సంస్థ పద్మాలయా మీద 'మోసగాళ్ళకు మోసగాడు' తీసినప్పుడు రాజస్థాన్ ఎడారులు, గుర్రాలు, ఈస్ట్‌మన్ కలరు అన్నీ వచ్చాయి. కథ రాసింది ఎవరనుకున్నారు? సాక్షిలో పెళ్ళి పాట రాసిన ఆరుద్ర గారే. అదీ చక్కని సినిమాయే, నేను పదిసార్లు చూశాను. ఇంగ్లీషులోకి డబ్బింగయి 'ట్రెజర్ హంట్' పేరుతో విదేశాలకి కూడా పోయింది. కానీ గమనించండి: అందులో గుర్రాలున్నాయి, టోపీలున్నాయి, నిధి ఉంది. భయపడే ఊరు మాత్రం కథ మధ్యలో లేదు. యూజర్ ఇంటర్‌ఫేస్ అంతా తెచ్చుకున్నాం, లాజిక్ వదిలేశాం.

ఎందుకలా జరిగింది? "మన జనానికి ఫైట్లే కావాలండీ, మంచి సినిమా చూడరు" అని తేల్చేసే అలవాటు మనకుంది. నాకు ఆ మాటంటే చిరాకు. ఇది మన జనం గొడవ కాదు. ఎందుకంటే హై నూన్‌కీ సరిగ్గా ఇదే అనుభవం అయింది.

అది కూడా హాలీవుడ్ లెక్కల్లో చవక సినిమాయే. బ్లాక్ అండ్ వైట్, కూపర్ మొహానికి పెద్దగా మేకప్ లేదు, ముడతలన్నీ కనపడతాయి. కాల్పులు, ఛేజింగులు చూద్దామని వచ్చినవాళ్ళలో కొంతమంది, సినిమా అంతా హీరో నడుచుకుంటూ తిరగడమేనా అని పెదవి విరిచారు. దాని రచయిత కార్ల్ ఫోర్మన్ కథ ఇంకా ఘోరం. 1951లో ఆ సినిమా పని నడుస్తుండగానే, కమ్యూనిస్టుల కోసం వెతుకుతున్న అమెరికన్ కాంగ్రెసు కమిటీ ఆయన్ని సాక్ష్యానికి పిలిచింది. నీతో ఉన్నవాళ్ళ పేర్లు చెప్పమంది. ఆయన చెప్పలేదు. నిన్నటిదాకా భుజమ్మీద చెయ్యేసి తిరిగినవాళ్ళు ఫోనెత్తడం మానేశారు. బ్లాక్ లిస్టులో పడి, ఇంగ్లండు వెళ్ళిపోవాల్సొచ్చింది. సినిమాలో తలుపులు మూసుకునే ఊరు హాలీవుడ్డేనని ఆయనే తరవాత చెప్పుకున్నారు. అంటే అది కూడా ఒక సాక్షి కథే, అక్కడ సాక్షి రచయిత.

సినిమాకి నాలుగు ఆస్కార్లు వచ్చాయి. అయినా జాన్ వేన్‌కి గిట్టలేదు. అమెరికా ఊళ్ళో జనం ఇంత పిరికివాళ్ళా, ఇది దేశద్రోహం అన్న ధోరణిలో మాట్లాడాడు. మంచి మార్షల్ సాయం అడుక్కుంటూ తిరుగుతాడా అని హోవర్డ్ హాక్స్‌కి కోపం. ఇద్దరూ కలిసి పోటీగా 1959లో 'రియో బ్రావో' తీశారు. అందులో షెరీఫ్ ఎవర్నీ అడగడు. చూశారా, గొడవ సినిమా బాగుందా లేదా అన్నది కాదు. మమ్మల్ని ఇలా చూపిస్తావా అన్నది.

నా ఉద్దేశంలో సాక్షి దగ్గర కూడా చిక్కు ఇదే. గూఢచారిలో విలన్ ఎక్కడో ఉంటాడు, విదేశీ ఏజెంటు. వాణ్ణి తంతుంటే మనం ఈల వేస్తాం, మనకేం నష్టం లేదు. సాక్షిలో ఫకీరు నామమాత్రం విలన్. అసలు విలన్ ఊరు. ఊరంటే ఎవరు? నేల టిక్కెట్టు నుంచి బాల్కనీ దాకా కూర్చున్నవాళ్ళందరూ. ముప్పావలా పెట్టి టిక్కెట్టు కొనుక్కుని వచ్చినవాడికి "నువ్వయితే తలుపు తీసేవాడివా?" అని అడిగితే వాడికి ఈల ఎలా వస్తుంది? గౌరవంగా చప్పట్లు కొట్టి, ఇంటికెళ్ళి, మర్చిపోతాడు. మనం మంచి సినిమా అని పేరు పెట్టి అటకెక్కించేవాటిలో చాలావాటి సంగతి ఇంతే.

ఇప్పుడు ముందు చెప్పిన ఆ ఒక్క మార్పు. కూపర్ మార్షల్. ఎదిరించడం అతని ఉద్యోగం. నడుముకి తుపాకీ ఉంది, వాడటం వచ్చు. ఊరు అతనికి చేసిన అన్యాయం ఏవిటంటే, సాయం చెయ్యకపోవడం. మన బల్లకట్టు కుర్రాడికి బిళ్ళా లేదు, తుపాకీ లేదు, జీతం లేదు. అతను చేసిన నేరం ఒకటే, కళ్ళున్నందుకు చూశాడు, అడిగితే చెప్పాడు. ఆ చెప్పినందుకు ఊరంతా మెచ్చుకుంది కూడా. మెచ్చుకుని వదిలేసింది. హై నూన్ ఊరు పిరికిది. సాక్షి ఊరు పిరికిదే కాదు, అప్పు ఎగ్గొట్టినది. అతని నిజం వల్ల వాళ్ళందరూ ఇన్నాళ్ళు నిశ్చింతగా పడుకున్నారు, బాకీ తీర్చే రోజొచ్చేసరికి ఎవరూ ఇంట్లో లేరు. అందుకే పోలిక పెడితే, ధైర్యం మాటెలా ఉన్నా, నిజాయితీలో మనదే ఒక మెట్టు పైన అంటాను. జాన్ వేన్ అభిమానులు నన్ను తిట్టుకోవచ్చు.

ఇక నా బాకీ.

ఈ సినిమా నేను మొదటిసారి చూసింది దూరదర్శన్లో, అమ్మమ్మ వాళ్ళింట్లో. చివర్లో నేను "ఆ ఊళ్ళో వాళ్ళందర్నీ కూడా కొట్టాలి మావయ్యా" అన్నానట. మా పెద మావయ్య నవ్వి, "అందర్నీ కొడితే మనింటికి కూడా వస్తాడ్రా" అన్నాడు. అప్పుడు అర్థం కాలేదు.

ఉద్యోగంలో చేరిన కొన్నేళ్ళకి అర్థమైంది. ఏ కంపెనీయో అనవసరం. ఓ ప్రాజెక్టులో క్లయింటుకి పంపే టెస్టు రిపోర్టుల్లో ఫెయిలయిన కేసుల్ని కూడా పాసని రాయిస్తున్నారు. టీములో అందరికీ తెలుసు. మధ్యాహ్నం భోజనాల దగ్గర రోజూ ఇదే గోల. మాలో ఓ అమ్మాయి, నాకంటే రెండేళ్ళు జూనియరు, "నేను అడుగుతాను" అంది. "అడుగు, నీ వెనక మేమున్నాం" అన్నాం. అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను, గొంతు కొంచెం పెద్దది కూడా. ఆ అమ్మాయి కాల్లో అడిగేసింది, అంకెలతో సహా. కాసేపు నిశ్శబ్దం. పెద్దాయనొకాయన చాలా మర్యాదగా "మిగతా టీముకి కూడా ఇదే అభిప్రాయమా?" అన్నారు. పదకొండుమంది లైన్లో ఉన్నాం. పదకొండు మైకులూ మ్యూట్‌లో ఉన్నాయి. నా వేలు బటన్ మీదే ఉంది. నొక్కలేదు. అప్పుడు నాకు ఇంటి లోను ఉంది, వీసా ఇంటర్వ్యూ ఉంది, ఇంకా ఏవో చాలా ఉన్నాయి. తలుపు వెనక నిలబడేవాడికి కారణాలకేం కరువు?

ఆ అమ్మాయి మూడు నెలల్లో వేరే ఉద్యోగం చూసుకుంది. వెళ్ళే రోజు అందరం కేకు కోశాం. నేనూ తిన్నాను. ఇప్పటిదాకా ఆ సంగతి ఆ అమ్మాయితో మాట్లాడలేదు. అందుకే క్విజ్‌లో ఎవరైనా ఆ సినిమాలో గేదెలు తప్ప ఏమున్నాయంటే నాకు నవ్వు రాదు. అందులో నేనున్నాను. హీరోగా కాదు లెండి, మూడో ఇంటి తలుపు వెనకాల.

అయితే ఊరిని తిట్టి ఊరుకుంటే సరిపోదు. ఊరు ఎందుకు భయపడుతుందో కూడా చూడాలి. ఫకీరు తిరిగొస్తే పోలీసులుంటారన్న నమ్మకం ఆ ఊరికి లేదు. సాక్షి ప్రాణం కాపాడటం ప్రభుత్వం పని అన్న సంగతి మన దేశంలో చట్టాల దాకా రావడానికి చాలా కాలం పట్టింది. ఢిల్లీలో 1999లో జెస్సికా లాల్‌ని అంతమంది ఉన్న పార్టీలో కాల్చి చంపారు. కోర్టులో సాక్షులు ఒక్కొక్కళ్ళే మాట మార్చేశారు, 2006 ఫిబ్రవరిలో నిందితులందర్నీ వదిలేశారు. దేశమంతా గొడవయ్యాక అదే ఏడాది డిసెంబరులో హైకోర్టు శిక్ష వేసింది. 2018లో మహేందర్ చావ్లా కేసులో, సాక్షుల రక్షణ పథకాన్ని సుప్రీంకోర్టు ఆమోదించి దేశమంతటా అమలు చెయ్యమంది. ఆ చావ్లా ఎవరో కాదు, ఓ పెద్ద కేసులో సాక్షి, సాక్ష్యం చెప్పినందుకు తుపాకీ గుండు తిన్న మనిషి. 2024 జులై నుంచి అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో, ప్రతి రాష్ట్రమూ సాక్షుల రక్షణకి పథకం తయారుచెయ్యాలని 398వ సెక్షను పెట్టారు. పులిదిండిలో బాపు గారు కెమెరా పెట్టిన యాభయ్యేడేళ్ళకి! ఒక బ్లాక్ అండ్ వైట్ సినిమా ఫైల్ చేసిన బగ్గుకి ఇంత ఆలస్యంగా ప్యాచ్ వచ్చిందన్నమాట. ప్రొడక్షన్లో ఎంతవరకు పనిచేస్తుందో మీరే చూస్తున్నారు.

హై నూన్ కథకి మాత్రం మంచి ముగింపొకటి దొరికింది, సినిమా బయట. 1989 జూన్ 4న పోలండులో ఎన్నికలు. కమ్యూనిస్టు ప్రభుత్వానికి ఎదురు నిలిచిన సాలిడారిటీ వాళ్ళ కోసం తొమాష్ సార్నెట్స్కీ అనే కుర్రాడు ఓ పోస్టరు వేశాడు. గ్యారీ కూపర్ నడిచొస్తుంటాడు. చేతిలో తుపాకీ ఉండదు, ఓటు కాగితం ఉంటుంది. ఛాతీ మీద మార్షల్ బిళ్ళకి పైన సాలిడారిటీ బ్యాడ్జి. ఆ ఎన్నికల్లో సెనేట్‌లో 100 సీట్లకి 99 వాళ్ళే గెలిచారు. పోస్టరు వల్లే గెలిచారని నేననను. కానీ అమెరికాలో దేశద్రోహం అనిపించుకున్న సినిమా, తలుపులు మూసుకుని బతికిన ఇంకో దేశంలో జనాన్ని ఇళ్ళల్లోంచి బయటికి రమ్మని పిలవడానికి పనికొచ్చింది. ఆ పిలుపు అందుకుని ఊరు ఊరంతా వీధిలోకొస్తే, ఇక ఒంటరి హీరోతో పనేముంది?

సాక్షికి అలాంటి పోస్టరు ఎవరూ వెయ్యలేదు. బొమ్మలెయ్యగలిగిన బాపు గారు 2014లో వెళ్ళిపోయారు, రమణ గారు అంతకుముందే 2011లో. విజయనిర్మల 2019లో, కృష్ణ 2022లో. కృష్ణ పోయినప్పుడు టీవీలన్నీ గుర్రం మీద బొమ్మే పదే పదే వేశాయి. బల్లకట్టు మీద, చేతిలో ఏ ఆయుధమూ లేకుండా, ఎవరైనా వస్తారేమోనని ఒడ్డు వైపు చూస్తూ నిలబడ్డ ఆ కుర్రాడి బొమ్మ కూడా ఒక్కసారి వేసుంటే బాగుండేది.

అంచేత మా భీమవరం తమ్ముడికి నా జవాబు ఇదీ. గుర్రం లేదు, ఒప్పుకుంటాను. గుర్రం ఉంటే ఆ కుర్రాడు ఎక్కి పారిపోయేవాడు. లేదు కాబట్టే అది కౌబాయ్ సినిమా అయింది. మార్కులు ఇవ్వకపోయినా పర్లేదు. ఎప్పుడైనా కాల్లో ఎవరైనా ఒంటరిగా మాట్లాడుతుంటే, మ్యూట్ బటన్ మాత్రం ఎక్కడుందో గుర్తుపెట్టుకో. నేనూ ఇప్పుడు అదే నేర్చుకుంటున్నాను.